పలక ఇల్లె

మా బడిలో నల్లబల్లకు ఎడంపక్క పైమూలన ఒక గడి ఉండేది. సుద్దముక్కతో గీసిన గడి కాదు, తెల్ల పెయింటుతో గీసింది. దాని నెత్తిన అదే పెయింటుతో "మాట్లాడినవారు" అని రాసి ఉండేది. తేదీని రోజూ తుడిచి రాసుకుంటాం, హాజరును తుడిచి రాసుకుంటాం. ఈ మాట మాత్రం తుడిస్తే పోదు. పిల్లలు వస్తారు, పోతారు, మాట్లాడటమనే నేరం మాత్రం ఎప్పటికీ ఉంటుందని ఎవరో పెద్దమనిషి ముందుచూపుతో రాయించిపెట్టాడు.

నేను ఆ బడికి తొంభైల నడుమ చేరాను. కుప్పంలో బస్సెక్కి, క్వారీకి పోయే మట్టిరోడ్డు దగ్గర దిగి, అక్కడినుంచి నడిచి పోవాలి. రెండు గదులు, ఒక వరండా, ఇద్దరు టీచర్లు. నాలుగు, అయిదు తరగతులు హెడ్మాస్టరు గారివి. ఒకటి, రెండు, మూడు నావి. ఒకే గదిలో మూడు తరగతులంటే, ఒకటో తరగతి పిల్లల చేయి పట్టుకుని దిద్దించేటప్పుడు మిగతా రెండు తరగతులూ నోరు కట్టేసుకుని కూర్చోవాలి. ఎట్లా కూర్చోబెట్టాలో నాకు బాగా తెలుసు. పుంగనూరులో నేను చదివిన బడిలో నన్ను అట్లాగే కూర్చోబెట్టేవాళ్ళు. అక్కడి జాబితాలో నా పేరు లేని రోజు అంటే నాకు జ్వరమొచ్చిన రోజని అర్థం. ఆ తర్వాత మదనపల్లిలో డిగ్రీ చదివేటప్పుడు, "శిక్ష లేని చదువు" అని ఒక వక్తృత్వ పోటీ పెడితే ఇరవై నిమిషాలు ఊగిపోయి మాట్లాడి స్టీలు గ్లాసు బహుమతిగా తెచ్చుకున్నాను. ఇంత చరిత్ర ఉన్నదాన్ని, చేతికి సుద్దముక్క వచ్చిన మొదటి వారంలో ఏం చేశానయ్యా అంటే, మూడో తరగతిలో ఫస్టు వచ్చే పిల్లను లేపి, "ఈ రోజునుంచి నువ్వు లీడరువి, మాట్లాడినవాళ్ళ పేర్లు రాయి" అన్నాను. ఒకసారి మాట్లాడితే పేరు. మళ్ళీ మాట్లాడితే పేరు పక్కన ఒక ఇంటు గుర్తు. మూడు ఇంటులైతే గోడ పక్కన నిలబడాలి.

ఇది గడి సంగతి. ఇంకొకటి పలకల సంగతి. పొద్దున ప్రార్థన కాగానే హెడ్మాస్టరు గారు వరండాలో నిలబడి "పలకలు పైకి!" అనేవారు. అందరూ పలకలు నెత్తిమీదికి ఎత్తి పట్టుకోవాలి. పలక లేనివాళ్ళు ఇంటికి పోయి తెచ్చుకోవాలి. పలక లేకుండా వచ్చేవాడికి చదువు మీద మనసు లేదని ఆయన సిద్ధాంతం. ఆయన చెడ్డవాడు కాదు. ఇరవై ఏండ్లకు పైగా అందరికంటే ముందు బడికి వచ్చి తనే తాళం తీసి, తనే చెత్త ఊడ్చిన మనిషి. వానొచ్చినా, జ్వరమొచ్చినా మానేది లేదు. ఆయనకు ఒక్కటే బాధ. "రోడ్డున పొయ్యేవాడికి బడిలోనుంచి గోల వినబడితే ఏమనుకుంటాడు మేడమ్? అయివోర్లు నిద్రపోతాండారు అనుకుంటాడు." నిజంగానే అట్లా అనుకునేవాళ్ళు.

ఇద్దరు పిల్లల గురించి చెప్పాలి. పేర్లు రాయను. ఇప్పుడు వాళ్ళ పిల్లలే బడికి పోయే ఈడులో ఉంటారు.

మొదటిది మాటకారి. మూడో తరగతి, కిటికీ పక్క చోటు. ఇంట్లో మేకలు, ఒక పాడి ఆవు, చూపు సరిగా ఆనని అవ్వ. ఆ పిల్లకు ఏదైనా తెలిస్తే అది పక్కవాళ్ళకు తెలిసేదాకా నిద్రపట్టదు. గడిలో దాని పేరు రాయడానికి మా లీడరుకు తల తిప్పి చూడాల్సిన పని కూడా లేదు. తేదీ రాసినట్టు పొద్దున్నే రాసేసేది.

రెండోది కొత్త పిల్ల. క్వారీలో రాళ్ళు కొట్టే పనికి తమిళనాడు పక్కనుంచి వచ్చినవాళ్ళ బిడ్డ. వాళ్ళ నాన్న చేయి పట్టుకుని తీసుకొచ్చాడు. ఒళ్ళంతా తెల్లటి రాతిపొడి, కనుబొమ్మలు కూడా తెల్లగా ఉండాయి. హెడ్మాస్టరు గారితో సగం అరవం, సగం తెలుగు కలిపి మాట్లాడాడు. దాని సారాంశం ఆయన నాకు చెప్పారు. "చదువు వస్తే ఉంచుకోండి, రాకపోతే చెప్పండి, ఇంటికాడ చంటిదాన్ని చూసుకునేదానికి మనిషి లేదు, పిలుచుకోని పోతాను, అంటాండాడు. ఎనిమిదేండ్లు ఉండాయి గాబట్టి మూడులో కూసోబెట్టుకోండి. చూస్తాం."

మరుసటి రోజు పలకలు పైకెత్తినప్పుడు ఆ పిల్ల చేతులు కింద ఉన్నాయి.

"పలక యాడ పాపా?" అన్నాను.

"ఇల్లె" అంది.

ఇంట్లో పెట్టి వచ్చిందని అర్థమైంది నాకు. "పో, పోయి తెచ్చుకోని రా" అని గేటు చూపించాను. ఆ పిల్ల నా వేలు చూసింది, గేటు చూసింది, పోయింది. మధ్యాహ్నం గంట కొట్టాక గాని రాలేదు. రెండో రోజూ అంతే. పలక యాడ? ఇల్లె. పో, తెచ్చుకో. మూడో రోజుకు నాకు ఒళ్ళు మండింది. "రోజూ ఇంట్లో ఎట్ల మర్చిపోతావే? తల మర్చిపోతావా ఇంట్లో?" అన్నాను. ఆ పిల్ల భయపడి ఇంకా గట్టిగా చెప్పింది, "ఇల్లె, ఇల్లె!"

నేను పుంగనూరు మనిషిని. లేదు అనడానికి కన్నడంవాళ్ళు "ఇల్ల" అంటుంటే వింటూ పెరిగాను. కుప్పం బస్సులో పొద్దునా సాయంత్రం "ఎడం ఇల్లె, ఎడం ఇల్లె" అని అరవం ఆడవాళ్ళు సీటు లేదని చెప్పుకుంటుంటే విన్నాను. బస్సులో అర్థమైన మాట బడిలో అర్థం కాలేదు. గేటు దాటి లోపలికి రాగానే అందరి నోటా తెలుగే వస్తుందని నా చెవి తీర్మానించుకుంది గాబోలు. లేదు అన్న పిల్లను, లేనిదాన్ని తెచ్చుకోమని రోజూ పంపించాను.

ఆ వారం మాటకారి పేరు పక్కన ఇంటు గుర్తులు గడి దాటి బయటికి వచ్చాయి. "కిటికీలోనుంచి బయటికి మాట్లాడతాంది టీచర్" అని లీడరు ఫిర్యాదు. నేను చూసేసరికి ఆ పిల్ల నిజంగానే కిటికీ చువ్వలకు మూతి ఆనించి గొణుగుతోంది. బయట మేకలు కాసే పిల్లలతో ముచ్చట్లనుకున్నాను. అడగలేదు. అడిగి ఉంటే ఈ కథ అక్కడే అయిపోయేది. "నోరా, ఇంకేమన్నానా అది? ఒక్క పూట మూత పడదా?" అని అందరి ముందర అన్నాను. తరగతి నవ్వింది. కిటికీ పక్కనుంచి లేపి ముందు వరసలో నా కుర్చీకి ఎదురుగా కూర్చోబెట్టాను. గోడ పక్కన నిలబెట్టాను కూడా, రెండు పూటలు.

ఆ పిల్ల నోరు మూసింది. నేను గెలిచాననుకున్నాను. ఒక వారం తర్వాత ఎక్కం అడిగాను, చెప్పలేదు. పద్యం అడిగాను, చెప్పలేదు. నీళ్ళు తాగి వస్తావా అంటే తల ఊపింది. లీడరుకు రాయడానికి పేర్లు తగ్గిపోయాయి. హెడ్మాస్టరు గారు మా గది గడప దగ్గర నిలబడి, "ఇప్పుడు బడి బడి మాదిరి ఉండాది" అన్నారు. నాకు గర్వంగా అనిపించింది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

నెలాఖరుకు రెండు రోజులుందనగా హెడ్మాస్టరు గారు హాజరు పట్టీ తెచ్చి నా బల్ల మీద పెట్టారు. "ఆ క్వారీ పిల్లకు పొద్దుటి పూట హాజరే లేదు మేడమ్. వచ్చే నెల పట్టీలో పేరు ఎక్కించొద్దు. వాళ్ళ నాయనకు చెప్పి పంపిస్తా. పాపం, ఇంటికాడ చంటిబిడ్డన్నా చూసుకుంటాది." నేను సరేనన్నాను. సరేనన్నాను అని రాయడానికి ఇప్పుడు కూడా కలం ఆగుతుంది.

ఆ రోజే, ఇంకా మధ్యాహ్నం గంట కొట్టకముందు, ఒక ముసలామె కర్ర తాటించుకుంటూ తరగతిలోకే వచ్చేసింది.

"యాడుండాది ఆ అయివోరమ్మ?"

"నేనే అవ్వా. రా, కూర్చో."

"కూసునేదానికి రాలే. మా పిల్ల నోరు యాడ పెట్టినావో తీసియ్యి, తీసుకోని పోతా."

పిల్లలు కిసుక్కుమన్నారు. మాటకారి తల వంచుకుంది. అది వాళ్ళ అవ్వ అని అప్పుడర్థమైంది.

"నాకు కండ్లు ఆనవు తల్లీ. ఆ పిల్ల నోరే నాకు కండ్లు. పాలు పొంగుతాండాయి అవ్వా అంటాది, మేకపిల్ల తాడు తెంపింది అవ్వా అంటాది. నేను దించతా, కట్టేస్తా. పదైదు దినాలుగా మూగదాని మాదిరి ఉండాది. నిన్న పాలు పొంగి పొయ్యి ఆరిపాయె, ఇది పక్కనే నిలబడి సూస్తాంది! ఏందే అంటే, మాట్లాడితే పేరు రాస్తారు అవ్వా అంటాది. ఇంట్లో ఎవురే రాసేది నీ పేరు?"

"క్లాసులో ఊరికే మాట్లాడతా ఉంటే రాయరా అవ్వా మరి? పాఠం ఎట్ల జరగల్ల?"

"ఊరికేనా? ఆ రాళ్ళ కాడి పిల్ల గోడ ఎనకాల కూసోని ఏడుస్తా ఉంటే మేకల కాడ నేర్చిన అరవంలో కిటికీలోనుంచి దానికి పాఠం చెప్తా ఉండాదంట ఇది. ఆ బిడ్డ పలక ఇల్లె అంటే, నువ్వు ఇంటికి పోయి తెచ్చుకో అంటావంట! ఇల్లె అంటే లేదని మా మేకలకు గూడా తెలుసునే. ఏం చదువుకున్నావమ్మా నువ్వు?"

"బియ్యెస్సీ" అన్నాను. ఎందుకు చెప్పానో తెలీదు.

"యాడ?"

"మదనపల్లిలో."

"ఆడ ఇది చెప్పలేదా?"

చేతిలో సుద్దముక్క బల్ల మీద పెట్టేశాను.

బడి వెనక్కు పోయాను. గోడ నీడలో, మా కిటికీకి సరిగ్గా కింద, క్వారీలో పనికిరాదని పారేసిన నల్లరాయి పలక ఒకటి నేల మీద పడి ఉంది. ఒక పక్క నున్నగా కోసి ఉంది. దాని ముందు ఆ పిల్ల గొంతుక్కూర్చుని ఉంది. రాయి నిండా తెల్లటి గీతలు. చిన్న సున్నపురాయి ముక్కతో రాసినవి. నన్ను చూడగానే చేత్తో తుడిచేయబోయింది. నేను ఆపి చదివాను. ఆవు. ఇల్లు. అయ్య. మాటకారి కిటికీ పక్కన ఉన్నప్పుడు ఒకటో తరగతికి దిద్దించిన మాటలు అవే, ఒక్కటి తప్ప. పాఠంలో ఉన్నది అమ్మ. మా మాటకారికి మ ఎప్పుడూ సరిగా కుదిరేది కాదు, య రాసిపెట్టేది. ఆ పలకనే చువ్వల్లోనుంచి చూపించి ఉంటుంది. కిటికీ లోపలి తప్పు యథాతథంగా కిటికీ బయటికి చేరింది. ఏ శిక్షణలోనూ నేను చూడని చదువు అది. పలక లేదు, టీచరు లేదు, చోటు లేదు. ఒక పిల్ల చెప్తుంటే ఇంకో పిల్ల నేర్చుకుంది. నేర్పేదాన్ని గోడకు నిలబెట్టాను, నేర్చుకునేదాన్ని గేటు బయటికి పంపాను. టీచరును నేనొక్కదాన్నే గదా అనుకున్నాను ఆ గదిలో.

హెడ్మాస్టరు గారితో ఆ సాయంత్రం బడి వదిలాక వరండాలో మొదలైన వాదన బస్సు వచ్చేదాకా సాగింది.

"మీకు అరవం వచ్చు గదా సార్. ఆ పిల్ల ఏమంటాందో ఒక్క మాట నాకు చెప్పుంటే ఏం పోయేది?"

"బడిలో నేను అరవం మాట్లాడను మేడమ్. తెలుగు బడి ఇది."

"మాట్లాడొద్దు. వినొచ్చు గదా?"

"పలకలు లేకుండా అందరూ వస్తే?"

"రానీండి. రాయి మీద రాస్తారు."

"గోల?"

"ఉంటాది."

"ఇంకెట్ల మేడమ్!" అని ఆయన నెత్తి పట్టుకున్నారు. "సరే. అర్ధ సంవత్సరం పరీక్షల దాకా పేరు ఉంచుతా. ఆ పిల్ల మూడో తరగతి వాచకంలో ఒక పాఠం నా ముందర చదవల్ల. చదివితే ఉంటాది. చదవకపోతే వాళ్ళ నాయనకు నేను అబద్ధం చెప్పలేను. మీరు గూడా అడ్డం రాకూడదు."

నేను ఒప్పుకున్నాను. గట్టిగా రెండు నెలలు కూడా లేవు.

మరుసటి రోజు మా గదిలో గడి మీద తారు పూశాను. లీడరు ఏడ్చింది. చేతిలో సుద్దముక్క పట్టుకుని, "మరి నేనేం చెయ్యల్ల టీచర్?" అంది. నాకు అప్పుడు గాని తట్టలేదు, ఆ పిల్ల నాలుగు నెలలకు పైగా పాఠం వినలేదు, అందరి మూతులూ చూస్తూ కూర్చుంది. పేరు రాయకుండా ఉండటానికి జామకాయలు, బలపాలు తీసుకుంటోందని కూడా తర్వాత బయటపడింది. ఎనిమిదేండ్ల పిల్ల అట్లా పుట్టలేదు, నేనిచ్చిన పని అట్లా చేసింది. దానికి వేరే పనులిచ్చాను. ఏదీ ఆ సుద్దముక్కంత రుచిగా అనిపించలేదు. నన్ను అది పూర్తిగా క్షమించిందని నేననుకోను.

మాట్లాడుకోండి అని నేను చెప్పగానే పిల్లలు చక్కగా పాఠాలు మాట్లాడుకున్నారని రాస్తే బాగుంటుంది. జరగలేదు. మొదటి పది రోజులు సంత. ఒకరినొకరు గిల్లుకున్నారు, తిట్టుకున్నారు. గోడ అవతల హెడ్మాస్టరు గారు బెత్తంతో బల్ల మీద కొట్టి, తన కోపం నాకు వినిపించారు. ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి, ఒకరు చదివితే ఇంకొకరు తప్పు పట్టాలి అని నియమం పెట్టాక కొంచెం దారికి వచ్చింది. తప్పు పట్టడమంటే పిల్లలకు ఉన్న సరదా నేను ముందే ఎరగనిది కాదు. అందరూ మాట్లాడుతున్నారు. ఎవరి కోసం ఇదంతా చేశానో ఆ ఇద్దరు తప్ప. మాటకారిని మళ్ళీ కిటికీ పక్కన కూర్చోబెట్టి, కొత్త పిల్లను పక్కనే కూర్చోబెట్టాను. మాటకారి నోరు తెరవలేదు. అది చెప్పకపోతే కొత్త పిల్లకు నా మాటలు గోడకు చెప్పినట్టే. పరీక్షలు దగ్గరకొస్తున్నాయి. బతిమాలాను, "చెప్పమ్మా, ఇప్పుడు ఎవరూ పేరు రాయరు" అన్నాను. నావైపు చూసింది, అంతే. పెద్దవాళ్ళు ఒక నోటితో తిట్టి అదే నోటితో బతిమాలితే పిల్లలు ఏ మాట నమ్మాలి?

ఇక నేనే అరవం నేర్చుకుందామని బయల్దేరాను. బస్సులో పక్కన కూర్చున్న పూలమ్మే ఆమెను అడిగి రోజుకు నాలుగు మాటలు పట్టుకొచ్చేదాన్ని. వాటిని తరగతిలో కొత్త పిల్ల మీద ప్రయోగించేదాన్ని. ఒకరోజు ఆటల గంటకు అందరూ బయటికి పరుగెత్తారు. కొత్త పిల్ల మాత్రం గుమ్మంలోనే నిలబడింది. నేను పెద్దగా, చేతులు ఊపుతూ, "నువ్వు గూడా పో, ఆడు! ఆడు!" అన్నాను. ఆ పిల్ల అటూ ఇటూ చూసి, గేటు బయట మేస్తున్న మేకల దగ్గరకు పరుగెత్తింది. ఒక మేకపిల్లను చంకలో వేసుకుని, అది కాళ్ళు తన్నుకుంటుంటే, తెచ్చి నా కాళ్ళ దగ్గర దించింది. పని సరిగా చేశానా అన్నట్టు నా మొహం చూసింది.

వెనకనుంచి ఒక నవ్వు వినబడింది. ఆపుకోలేక, పొట్ట పట్టుకుని, కిందపడి దొర్లే నవ్వు. "టీచర్! టీచర్! ఆడంటే వాళ్ళకు మేక టీచర్! మీరు మేక, మేక అంటాండారు! విలయాడు అనల్ల టీచర్! అయ్యో, అది మా మేకనే టీచర్!"

నెల రోజులకు పైగా మూసి ఉన్న నోరు. ఒకసారి తెరుచుకున్నాక ఆ పూటంతా ఆగలేదు. నాకు ఏయే మాటలు తప్పు వచ్చో, ఎన్ని రోజులుగా తప్పు అంటున్నానో అన్నీ గుర్తుపెట్టుకుని ఉంది, వరసగా చెప్పింది. పిల్లలందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నాకు రానిదేదో పిల్లలకు తెలిసిపోతే గౌరవం పోతుందని మాకు శిక్షణలో ఎవరూ చెప్పలేదు గాని, మేమందరం ఆ భయంతోనే బతుకుతాం. ఆ రోజు నా గౌరవం ఒక మేకపిల్లతో పాటు వరండాలో తిరిగింది. దాని వల్ల బడికి నష్టమేమీ జరగలేదు.

ఆ తర్వాత ఆ కిటికీ పక్క బెంచీ ఒక చిన్న బడి. మాటకారి చెప్పేది, కొత్త పిల్ల చదివేది. మ, య తేడా మాత్రం నేను ఇద్దరికీ కలిపి చెప్పాను. విచిత్రమేమంటే, పక్కపిల్లకు చెప్పాల్సి వచ్చేసరికి మాటకారి తన పాఠం తను ముందే ఇంట్లో చదువుకుని రావడం మొదలుపెట్టింది. నేను చదవమని ఎన్నిసార్లు చెప్పినా చదవని పిల్ల.

పరీక్ష రోజు హెడ్మాస్టరు గారు కుర్చీ వరండాలో వేసుకుని కూర్చున్నారు. కొత్త పిల్ల ఆయన ముందు నిలబడి వాచకం తెరిచింది. మాటకారిని దూరంగా వేపచెట్టు కింద నిలబెట్టారు, సైగలు చేయకూడదని. నేను అడ్డం రాకూడదని మాట ఇచ్చాను గనక గడప లోపల నిలబడ్డాను. ఆ పిల్ల కూడబలుక్కుంటూ మొదటి పేరా చదివింది. రెండో పేరాలో నాలుగో వాక్యం దగ్గర ఆగింది. అక్షరాలన్నీ విడివిడిగా పలికింది, కలపలేకపోయింది. ఆయన చూపుడు వేలు పట్టీ మీద ఉంది. నాకైతే అయిపోయిందనిపించింది.

ఆ పిల్ల పుస్తకం ఆయన వైపు తిప్పింది. ఆ మాట మీద వేలు పెట్టి, "ఇది ఏంది సార్?" అంది.

ఆయన బిత్తరపోయారు. "కృతజ్ఞత" అన్నారు.

"అంటే?"

"అంటే..." అని ఆయన ఆగారు. కాసేపు వెతుక్కున్నారు. చివరికి ఇరవై ఏండ్ల రూలు పక్కన పెట్టి, గొంతు తగ్గించి, ఒక అరవం మాట అన్నారు. ఆ పిల్ల తల ఊపి, పుస్తకం తనవైపు తిప్పుకుని, పాఠం చివరిదాకా చదివింది.

"ఒక మాట చదవలేదు గదా మేడమ్" అన్నారు నాతో, పట్టీ మూస్తూ.

"చదవలేదు సార్. అడిగింది. మీ బడిలో మిమ్మల్ని ఎప్పుడైనా ఎవరైనా ఏదైనా అడిగినారా?"

"లేదు" అన్నారాయన. "భయపడతారు గదా." ఆ మాటలో గొప్ప లేదు. జనవరి పట్టీలో ఆ పిల్ల పేరు ఆయన చేతిరాతతోనే ఉంది. పలకలు పైకెత్తడం కొన్నాళ్ళు సాగింది, తర్వాత ఎవరూ ఆపకుండానే ఆగిపోయింది. నాలుగు, అయిదు తరగతుల గదిలో గడి మాత్రం అట్లాగే ఉంచారు. ఉంచుకోనీ అనుకున్నాను. అందులో పేర్లు రాయడం తగ్గింది, అది నాకు చాలు.

రెండు వేల సంవత్సరం దాటాక నన్ను మదనపల్లికి బదిలీ చేశారు. అక్కడ ఒక శిక్షణ తరగతిలో ఈ సంగతి చెప్తే, ఒక కుర్ర టీచరు లేచి, "అంతా మాట్లాడుకుంటూ పోతే సిలబస్ ఎప్పుడైపోతాది మేడమ్?" అని అడిగాడు. "సిలబస్ మనకు అయిపోతాది నాయనా, పిల్లలకు అవ్వల్ల గదా" అన్నాను. అతను ఒప్పుకోలేదు. నేనూ ఊరుకోలేదు. భోజనాల దగ్గర కూడా వాదించుకున్నాం. నిజానికి నిశ్శబ్దం మీద నాకు పగేమీ లేదు. మదనపల్లి బడిలో నా తరగతి గోలకు చెవులు మూసుకుని ఏడ్చే ఒక బిడ్డ ఉండేది. దాని కోసం రోజూ ఒక గంట అందరం గొంతు తగ్గించేవాళ్ళం. ఎందుకు తగ్గిస్తున్నామో పిల్లలకు చెప్పి తగ్గించేవాళ్ళం. పిల్లలు ఎందుకు నోరు మూస్తున్నారన్నది నాకు ముఖ్యం. పక్కవాళ్ళ మీద దయతో మూసిన నోరు, జాబితా భయంతో మూసిన నోరు బయటికి ఒకే మాదిరి కనిపిస్తాయి. ఇరవై ఏండ్ల తర్వాత ఆ పిల్లలు ఎట్లాంటి మనుషులవుతారన్నది మాత్రం ఒకటి కాదు. ఈ మాట ఎవరికైనా తప్పనిపిస్తే వాదించడానికి నేను ఇప్పటికీ సిద్ధమే.

నేను మదనపల్లికి రాకముందే ఆ ఇద్దరు పిల్లలూ అయిదు పూర్తి చేశారు. ఆరో తరగతికి కుప్పం పోవాలి. అక్కడ చేర్చడానికి పత్రాలు నింపే రోజు కొత్త పిల్ల, ఇప్పుడు కొత్తది కాదు గాని నాకు అట్లాగే గుర్తు, వాళ్ళ నాన్నతో వచ్చింది. ఆయన క్వారీనుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, వరండా మెట్టు దిగువనే నిలబడి ఒళ్ళు దులుపుకున్నాడు. నేను, హెడ్మాస్టరు గారు బల్ల దగ్గర కూర్చున్నాం.

"అంత దూరం ఎట్ల పోతాది సార్?" అన్నాడు. ఆయనకు తెలుగు బాగా పట్టుబడింది ఈ మూడేండ్లలో. "ఇంటికాడ చిన్నది ఉండాది గదా."

"చిన్నదాన్ని ఈ బడికి పంపించప్పా" అన్నారు హెడ్మాస్టరు గారు.

"దానికి మూడేండ్లు గదా సార్!"

"వచ్చి కూసోనీ. ఒకటో తరగతిలో ఆడుకుంటాది. మేడమ్ చూసుకుంటారు."

నన్ను అడగకుండా నా నెత్తిన పెట్టిన పనికి నేను వాదించకపోవడం అదే మొదలు. వాళ్ళ నాన్న కూతురి వైపు చూశాడు. "నీకు పోవల్లనా?" అని అరవంలో అడిగాడు.

"పోతాను నాయనా" అని ఆ పిల్ల తెలుగులో చెప్పింది. "మేమిద్దరం బస్సులో పోతాం. దానికి భయం, నేను లేకుంటే పోదు" అని మాటకారిని చూపించింది. మాటకారి "ఎవురికే భయం?" అని దాన్ని ఒక్కటి పొడిచింది. వాళ్ళ నాన్న నవ్వాడు. బొటనవేలు ఇంకు డబ్బాలో ముంచాడు.

హెడ్మాస్టరు గారు పత్రం నింపుతూ పోయారు. పేరు, తండ్రి పేరు, ఊరు. ఒక చోట కలం ఆగింది. మాతృభాష అని ఉంది, దాని ఎదుట ఒక చిన్న గీత.

"ఏం రాయల్ల పాపా?" అన్నారు. అది అడిగి రాసేది కాదు. అంతకు ముందైతే ఆయనే ఏదో ఒకటి రాసేసేవారు.

"ఇంట్లో మాట్లాడేదా సార్, బడిలో మాట్లాడేదా?"

"ఒక్కటే రాయల్ల. గీత ఒక్కటే ఉండాది, చూడు."

ఆ పిల్ల బల్ల మీదికి వంగింది. గీత ఎంత పొడుగుందో వేలు పెట్టి కొలిచింది.

"రెండూ పడతాయి సార్. సన్నంగా రాయండి" అంది.

ఆయన నావైపు చూశారు. పత్రాన్ని ఆ పిల్ల వైపు తిప్పి, కలం చేతికిచ్చారు. "నువ్వే రాయి, నువ్వు సన్నంగా రాస్తావు" అన్నారు.